తుపాకి కర్ర మీద నలుపు

అల్ ఐన్‌లో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు, మా కఫీల్‌కు పాత తుపాకుల పిచ్చి. అతిథులు కూర్చునే మజ్లిస్ గోడ నిండా అవే. అన్నీ తెల్లదొరల కాలంనాటివి. కింది మీట లాగితే గొట్టం వెనక తూటా గది తెరుచుకుంటుంది. ఒక్క తూటా పెట్టి మూయాలి, పేలాక మళ్లీ లాగాలి. చాలావాటిని ఒమన్ సంతలన్నీ తిరిగి ఏరి తెచ్చేవాడు. డెబ్బైల చివర నేనాయనకు డ్రైవర్ని. ఆయన వయసులో ఉండగా బొంబాయిలో ఖర్జూరం వ్యాపారం చేసినవాడు కనుక హిందీ బాగా వచ్చు.

ఓసారి దారిలో ఊసుపోక, మా తాత నవాబుగారి ఆయుధశాలలో తుపాకులు బాగుచేసేవాడని అన్నాను. వినసొంపుగా ఉంటుందని ఒక పులిని కూడా కలిపాను. ఆయన కారు ఆపించి నా చేతులు తిప్పి చూశాడు. మర్నాటి నుంచి తుపాకులు తుడిచే పని నాదయింది.

ఆ ఇంటి వంటాయన మా జగిత్యాల వైపువాడే. వరుస కలిపి పిలిచేవాడు. "మీ తాత గొర్లు గాసిండు గద బావా, తుపాకులెప్పుడు గాసిండు?" అన్నాడు.

"పులొస్తే గొర్లను ఏంతోని కాపాడిండనుకున్నవ్?" అన్నాను.

కఫీల్ కళ్ల వైద్యానికి బొంబాయి వెళ్లినప్పుడు దసరా వచ్చింది. మా ఊళ్లో ఆ రోజు గొడ్డలీ గడ్డపారా తళతళలాడాలి. ఇక్కడ నా పనిముట్లు తుపాకులే కదా. ఇత్తడి పట్టీలను చింతపండుతో తోమాను. ఒక తుపాకికి చేత్తో పట్టుకునే చోట కర్ర నల్లగా మురికిపట్టి ఉంది. గరుకు కాగితంతో తెల్లగా వచ్చేదాకా రుద్ది, వార్నిష్ పూసి, బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను.

కఫీల్ వచ్చీ రాగానే ఆ తుపాకే తీశాడు. అరచెయ్యి ఆనించి, దించి, మళ్లీ ఆనించాడు.

"ఇక్కడి నలుపేది?"

"మురికి, అర్బాబ్. తీసేశాను."

"అది మా తాత చెయ్యి," అన్నాడు. "ఆయనకు ఫొటో లేదు."

గొంతు పెంచలేదు. "మీ తాత నేర్పిన పని ఇదేనా?" అని మాత్రం అడిగాడు.

"మా తాత గొర్రెలు కాశాడు, అర్బాబ్."

"మరి పులి?"

"పులి కూడా లేదు."

తుపాకిని గోడకు తగిలించి లోపలికి వెళ్లాడు. పంపించేస్తాడనుకున్నాను. పంపలేదు, తుడిచే పనీ తీసేయలేదు. దాంతో నాకు అన్నం సహించడం మానేసింది. వార్నిష్ గీకేసి, రోజూ సాయంత్రం అరచేతికి నువ్వుల నూనె రాసుకుని ఆ చోటే పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"తుపాకికి తలంటుతున్నవా?" అన్నాడు వంటాయన. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఖలాస్ బావా. నువ్వెంత పిసికినా ఆ ముసలాయన చెయ్యెట్లొస్తది?"

ఏళ్లు గడిచి, నా చెయ్యి ఆనిన చోట కర్ర కొంచెం నల్లబడింది. ఒకరోజు మజ్లిస్‌కు వచ్చిన షార్జా అతిథి చేతిని కఫీల్ ఆ నలుపు మీద పెట్టించి, "మా తాత చెయ్యి," అన్నాడు. అతిథి తల వంచి భక్తిగా తడిమాడు. అతని భుజం మీదుగా కఫీల్ నావైపు చూశాడు.

గహ్వా కాఫీ కూజా నిండుగానే ఉన్నా, నింపుకొస్తానని లోపలికి వెళ్లాను.