గుట్ట మీది డబ్బాకు పసుపు పూసినాం

మా వదినకు ఏదన్నా తోచిందంటే దేవుడు దిగొచ్చినా ఆగదు. నంద్యాలలో మా అన్నా వదినలకు అంగడి, ఆళ్లగడ్డలో మాకు అంగడి. నాకూ వదినకూ ఇద్దరికీ షుగరే. అది తగ్గాలని ఆదివారం పొద్దున్నే కలిసి నల్లమల అంచున ఒక గుట్టెక్కేవాళ్లం. ఎవరో దేశంకాని దేశంలో అడవి మధ్య పోస్టుడబ్బా పెట్టి, అందులో నోటుబుక్కూ పెన్నూ ఉంచినారంట. దారినపోయేవాళ్లు మనసులో మాట రాసిపోతారంట. ఫోన్లో అది చూసి వదిన వెల్డింగు అతనితో ఎర్ర రేకుడబ్బా చేయించింది. పేరూ ఊరూ రాయొద్దని మూతమీద రాయించింది కూడా.

"ఎవురు రాస్తారు వదినా? నీకేమన్నా పిచ్చా?" అంటి.

"రాయకపోతే నీ సొమ్మేం పోతాంది మే?" అనింది.

గుట్టమీద బండకు డబ్బా బిగించినాం. అంగడోళ్లం గదా, చెయ్యి ఊరికే ఉంటుందా? కొత్త ఖాతాపుస్తకానికి చేసినట్టే నోటుబుక్కు అంచులకు పసుపు పూసి, డబ్బాకు కుంకుమ పెట్టి, బెల్లంముక్క నైవేద్యం పెట్టి దిగొచ్చినాం. అది మాకు అలవాటు, దాని గురించి ఆలోచించను కూడా లేదు.

జనం రాసినారు. నా నోరు మూయించినారు. ఒకాయన మిరపతోట నల్లిపురుగు పాలైందని రాసె. ఒకామె, మొగుడితో మాటల్లేవు, ఈడికొచ్చి రాసుకుంటే నిద్రపడతాందని రాసె. చదివి ఏడ్చినా కూడా. పోనుపోను ఆ రాతలు మారిపాయ. తల్లీ నా కొడుకును పాస్ చేయించు, తల్లీ నా మోకాళ్లనొప్పి తీసేయి. పసుపు కనపడితే మనోళ్లు ఆగుతారా? డబ్బా ముందర కొబ్బరిచిప్పలు, అరటిపండ్లు, బెల్లం పోగుపడె. వదిన మురిసిపోయింది. నాకు మాత్రం ఎందుకో భయమేసింది.

ఒక ఆదివారం పోతే చిప్ప ఒక్కటి లేదు. బెల్లం ఉన్నచోట బండంతా నాకినట్టు తడి. మూతమీద రంగు లేచిపోయి గీతలు. నా వేళ్లు పెట్టి చూసినా, ఆ గీతల ఎడం అందలేదు. పక్కనే చెదలపుట్ట తవ్వి పోసినట్టుంది.

"ఎలుగ్గొడ్డు" అనింది వదిన.

నోటుబుక్కు తెరిస్తే కొత్తరాత ఉంది. వచ్చే ఆదివారం తెల్లారకముందే నా బిడ్డను పిల్చకొచ్చి నీ ముందర అక్షరాలు దిద్దిస్తా తల్లీ, బెల్లమన్నం తెస్తా అని. పేరు లేదు, ఊరు లేదు. వద్దని రాయించింది మేమే గదా! ఎవురికి చెప్పేది? అప్పటికప్పుడు డబ్బా పీకేసినాం. ఎలుగ్గొడ్డు తిరుగుతాంది, ఎవురూ రావద్దండి అని బండమీద పెద్దగా రాసినాం. ఆళ్లగడ్డలో కనపడినోళ్లనంతా అడిగినా. ఎవురికీ తెలీదు.

ఆ వారమంతా అన్నం దిగలేదు నాకు. ఆ పసిబిడ్డకు ఏమన్నా అయితే ఇంక బతికుండి ఏం లాభం? ఆదివారం చీకటుండంగానే నేనూ వదినా గుట్టకింద దారికి అడ్డంగా ఆటో పెట్టించి కూర్చున్నాం. ఎవురూ రాలేదు. తూర్పు తెల్లబడింది.

"రాదులే, బండమీద రాత చూసి మానుకునుంటాది. పోదాం పా" అనింది వదిన.

అప్పుడు పైనుంచి పసిగొంతు వినపడింది. "ఓ... నా... మా..." అంటాంది. అవతలపక్క గొర్ల బాట ఒకటుందని మాకేం తెలుసు! ఆ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఎట్లెక్కినామో ఏమో. పైన ఆ తల్లి బిడ్డ నోటికి చెయ్యి అడ్డంపెట్టి నిలబడుంది. వాళ్లకెదురుగా, డబ్బా ఉండినచోట, ఎలుగ్గొడ్డు గిన్నెలో మూతిపెట్టి బెల్లమన్నం తింటాంది. తిన్నంత తిని, తలెత్తి మా అందర్నీ చూసి, పొదల్లోకి పాయ.

నేను పరిగెత్తి ఆ బిడ్డను వాటేసుకొని ఏడ్చినా. "బుద్ధుందా మే నీకు? బండమీద రాసింది కనపడలేదా?" అని తల్లిమీద అరిచినా.

ఆమెకు వణుకన్నా లేదు. కండ్లు మెరుస్తాండాయి.

"చూసినానక్కా. ఏమాయ ఇప్పుడు? అమ్మే ఆ రూపంలో వచ్చి నా చేతన్నం తిని పాయ. నా బిడ్డను ముట్టలేదు, చూసినావు గదా!" అంటా కొంగుతో గిన్నె తుడుచుకునింది. "వచ్చే ఆదివారం మా ఊరి పిల్లోళ్లనందర్నీ పిల్చకొస్తా."