నీడల మీద పెదనాన్న పోరాటం

పెదనాన్న కంప్యూటర్లో గోల్ఫ్ ఆడతాడని వీధిలో అందరూ అనుకుంటారు. అబద్ధం. ఆయన గోల్ఫ్ ఆట సెట్టింగుల్ని తిడతాడు. తిట్టుకూ తిట్టుకూ మధ్య ఊపిరి తీసుకోవాలి కనుక, ఆ సందులో ఎప్పుడైనా ఓ బంతి కొడతాడు.

"ఈ గడ్డి ఇంత ఎత్తు పెంచిందెవడ్రా? కోసే కూలీకి జీతం ఎగ్గొట్టారా?" అంటూ మొదలవుతుంది. మౌసు టకటకమంటుంది. గడ్డి మాయం. తర్వాత చెట్ల వంతు. "ఒక్క చెట్టుకి ఇన్ని ఆకులా? మా వీధి మొత్తం వెతికినా ఇన్ని లేవు!" ఆకులు మాయం. ఆపైన చెరువులో తళుకులు, కొండ మీద మంచు, ఒకదాని వెనక ఒకటి. ఫ్యాక్టరీలో కార్మిక సంఘానికి కార్యదర్శిగా చేసిన మనిషి. రిటైరయ్యాక పోట్లాడటానికి యాజమాన్యం దొరక్క, ఆ సెట్టింగుల పేజీనే యాజమాన్యం చేసుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద శత్రువు నీడ. "మిట్టమధ్యాహ్నం రోడ్డేసేవాడికి నిలబడటానికి జానెడు నీడుండదు. డబ్బున్నవాళ్ళ ఆటకి మాత్రం ఎటుచూసినా నీడలే! తీసెయ్!"

చూసి చూసి ఆయన తమ్ముడి కూతురికి ఒళ్ళు మండిపోయేది. ఆ అమ్మాయిది ఫోటో స్టూడియోలో ఉద్యోగం. పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపి, వెలిసిపోయిన ఆకాశాలకు నీలం పూసి బతుకుతున్న పిల్ల. ఇంట్లో ఉన్నది ఆమె కంప్యూటరే. అందులో ఆ మైదానం అచ్చం నిజంలా ఉండేది. పెదనాన్న చెయ్యి పడ్డాక గోడకు పచ్చరంగు కొట్టినట్టు అయ్యేది. చెట్లు పుల్లకు గుచ్చిన క్యాబేజీల్లా నిలబడేవి. బంతి గుడ్డు సొనలా పసుపుపచ్చగా, గుమ్మడికాయంత ఉండేది.

"పెదనాన్నా, ఇది గోల్ఫ్ మైదానమా, క్యారమ్ బోర్డా?"

"ప్రజల మైదానం! నచ్చకపోతే కళ్ళు మూసుకో."

మైదానం పాడైతే పాడైంది, అమ్మాయి అసలు బెంగ వేరు. పై వాటాలో ఉండే వెల్డరు మామయ్య ఆదివారం పూట ఈ ఆటకోసమే మెట్లు దిగేవాడు. ఫ్యాక్టరీ ఆయన్ని అర్ధాంతరంగా ఇంటికి పంపేశాక గది దాటడం మానేసిన మనిషి. పైగా మహా పౌరుషం. ఎవరైనా జాలి చూపిస్తున్నారని అనుమానం వస్తే చాలు, మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కడు. సంచీ మోసిపెడతానన్న పాపానికి పక్కింటాయనతో మాటలు ఆగిపోయాయి. అలాంటి మనిషి ఆడదామని వచ్చి కూర్చుంటే, బంతి వెయ్యాల్సిన ఒక్కో గుంట దగ్గరా వెలుతురు మారి, తీసేసిన నీడలు మళ్ళీ రావడం, వచ్చినప్పుడల్లా పెదనాన్న ఆట ఆపి నీడల మీద ఉపన్యాసం ఇవ్వడం!

"ఏదో ఒకరోజు విసుగెత్తి లేచిపోతాడు, ఇక రాడు. ఆ గదిలోనే గోడకి అంటుకుపోతాడు" అంది పెద్దమ్మ.

ఆ ఆదివారం పెదనాన్న స్నానానికి వెళ్ళగానే అమ్మాయి తెగించింది. గడ్డి, ఆకులు, నీళ్ళు, నీడలు అన్నీ చివరిదాకా పెంచేసింది. బంతిని తెల్లగా, ఉండాల్సినంత చిన్నగా చేసింది. మౌసు పీకి చేతిలో పెట్టుకుంది.

"కొట్టడానికి ఒక్క మీట చాలు. ఇవాళ ఆట ఆగడానికి వీల్లేదు" అంది తల తుడుచుకుంటూ వచ్చిన పెదనాన్నతో.

"మౌసు ఇవ్వవే!"

"ఇవ్వను."

అప్పటికే వెల్డరు మామయ్య కుర్చీలో సర్దుకున్నాడు. తెర వైపు వంగాడు. ఇంకా వంగాడు. మీట మీద వేలు ఆగిపోయింది.

"అమ్మాయ్... బంతి పెట్టారా?" అన్నాడు చివరికి, మెల్లగా.

బంతి ఆయన ముక్కుకు ఎదురుగానే, చెట్టు నీడలో ఉంది. 'అదిగో కదా' అనబోయింది అమ్మాయి. బల్ల కింద ఆమె కాలిని ఎవరో గట్టిగా తొక్కారు.

"ఎక్కడ పెట్టారు బావా!" అని పెదనాన్న బల్ల గుద్దాడు. "బంతి దాచేసి ఆడమంటారా? దగాకోరు వెధవలు! నాకూ కనబడి చావట్లేదు!"

మందుబిళ్ళల అట్ట మీద చీమల్లాంటి అక్షరాలు అద్దాల్లేకుండా చదివే మనిషి! అమ్మాయి ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, మౌసు చేతిలో పెట్టేసింది. నీడలు పోయాయి. ఆకులు రాలాయి. గుమ్మడికాయంత పసుపు బంతి తెర మీద వెలిగింది.

"ఆఁ, ఇప్పుడొచ్చింది! వెధవ ఆట, వెధవ నీడలు!" వెల్డరు మామయ్య హుషారుగా కొట్టాడు. బంతి తిన్నగా చెరువులో పడింది. ఇద్దరూ కలిసి చెరువును తిట్టారు.

కాసేపటికి మంచినీళ్ళ నెపంతో అమ్మాయి పెదనాన్నను వంటింట్లోకి లాగింది. "ఎప్పట్నుంచి?"

"ఫ్యాక్టరీలో ఉన్నప్పట్నుంచే. వాళ్ళిచ్చిన నల్లద్దాలు ఎందుకూ పనికిరానివని గొంతు చించుకున్నా. వినలేదు. ఆ మెరుపులకి వాడి కళ్ళు పోతుంటే, పనికి పనికిరావని వాణ్ణే గెంటేశారు!" పెదనాన్న గ్లాసు ఠక్కున పెట్టాడు. "తప్పు నీ కళ్ళదని నేను కూడా అనాలా? తప్పు ఆటదే. సాయంత్రం దాకా అరుస్తా, ఎవడొస్తాడో రమ్మను!"

అమ్మాయి ముందుగదిలోకి వచ్చేసరికి వెల్డరు మామయ్య వంటింటి వైపు చెవి పెట్టి, చెయ్యి ఊపి దగ్గరకు పిలిచాడు. విన్నాడేమోనని బెదురుతూనే ఆమె దగ్గరకు వెళ్ళింది.

"అమ్మాయ్, గట్టిగా అనకు. మీ పెదనాన్నకి చూపు బొత్తిగా ఆనట్లేదు. గమనించావా?"

"...ఎవరికి?"

"మీ పెదనాన్నకే! బంతిని అంత చేసుకుంటే గానీ కనబడదు పాపం. ఇందాక తనే అన్నాడుగా. నేను తెలియనట్టే ఊరుకుంటున్నా. అసలు నాకీ ఆటంటే అంత మోజేమీ లేదు. నేను రాకపోతే ఆ నీడలతో ఒంటరిగా ఏం వేగుతాడని దిగొస్తున్నా. నువ్వూ ఏమీ అనకు, నొచ్చుకుంటాడు."

"అనను మామయ్యా" అంది అమ్మాయి, నవ్వు పెదవుల కింద నొక్కిపట్టి.

పెదనాన్న వచ్చి కూర్చున్నాడు. తర్వాతి గుంట తెరుచుకుంది. అక్కడ పొద్దు వాలుతోంది, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నల్లటి నీడలు. పెదనాన్న ఊపిరి బిగించి నోరు తెరవబోయేంతలో బల్ల దద్దరిల్లింది.

"ఇన్ని నీడలు పెట్టిందెవడు? పిలవండి వాణ్ణి!" అని అమ్మాయి అరిచింది.

ముసలాళ్ళిద్దరూ ఉలిక్కిపడి ఆమెను చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇప్పటికి దారికొచ్చింది మన పిల్ల" అన్నాడు వెల్డరు మామయ్య.