మా అమ్మకు మోటరు పడదు

మా అమ్మకు మోటరు పడదన్న సంగతి నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. బస్సును మావాళ్ళు మోటరనే అనేవారు. మా సాలెవాడలో అమ్మను చూసి జాలిపడని ఆడమనిషి లేదు. "పాపం, ఎక్కుడే ఆలిస్యం, కక్కుడేనట!" అని చెప్పుకునేవారు. వాళ్ళకు తెలియనిదల్లా ఒక్కటే. మా అమ్మ మోటరెక్కి కక్కింది ఒక్కనాడూ లేదు. కక్కేది మా బాపు.

బాపు కులపెద్ద. పంచాయతీలో ఆయన గొంతు లేస్తే కొట్లాడుకునే అన్నదమ్ములు కూడా తలలు దించుకుని వినేవారు. నెత్తికి రుమాలు చుట్టి, మీసం దువ్వి బయల్దేరితే ఎదురొచ్చినవాడు పక్కకు జరగాల్సిందే. అంతటి మనిషి డీజిలు వాసన తగిలిందంటే చాలు, చంటిపిల్లాడైపోయేవాడు. ఎడ్లబండి ఎంత కుదిపినా ఆయనకేమీ కాదు. మోటరు కదలకముందే, ఇంజను గుర్రుమనగానే, మొహం గంజిలో ముంచిన నూలులా తెల్లబడిపోయేది.

పెండ్లైన కొత్తలో అమ్మను పుట్టింటి నుంచి తీసుకొస్తూ, మోటరులో పెండ్లి బట్టలమీదే కక్కుకున్నాడట. నకిరేకల్‌లో దిగేసరికి మావాళ్ళంతా ఎదురొచ్చి ఉన్నారు. "ఎవలు కక్కిన్రు?" అని మా నాయనమ్మ అడిగింది. కొత్త పెండ్లికూతురు మా అమ్మ మొగుణ్ణి ఒకసారి చూసి, "నేనే అత్తా, నాకు పడలే" అంది. బాపు కాదనలేదు. కాదనకుండా ఊరుకున్నవాడు ఊరుకోక, కొన్నాళ్ళకు ఆ మాట తానే నమ్మేశాడు. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మాకు సెలవులంటే ఏమున్నాయి? నేసిన బట్ట కోసి దించాక, కొత్త పడుగు మగ్గానికి ఎక్కేదాకా దొరికే నాలుగు రోజులే సెలవులు. అప్పుడు ఎక్కడికి పోవాలన్నది బాపు తేల్చేవాడు. ఆయన పద్ధతి చాలా సులువు. ఎద్దు నడిచి పోగలిగితే అది పుణ్యక్షేత్రం. పోలేకపోతే అక్కడ దేవుడే లేడు.

శ్రీశైలం పోదామంటే, "కల్వకుర్తి దాటినంక అంత అడివే. పులులుంటయ్. పిల్లలున్నోళ్ళం" అనేవాడు. హైదరాబాదంటే, "పట్నంల ఏముంది? పక్కింటోడు సచ్చినా తెల్వది" అనేవాడు. మా వాడంతా పోయి సాగర్ డ్యాం కట్టడం చూసొచ్చి కథలు కథలుగా చెబుతుంటే, "రాయి మీద రాయి పెడుతున్నరు. మన ఊర్ల గోడ కట్టంగ సూడలేదా?" అని తీసిపారేసేవాడు. ప్రతి తీర్పుకూ చివర ముద్ర ఒకటే. "అయినా మా ఆమెకు మోటరు పడది గదా! లేకుంటె నేను తోల్కపోకపోదునా?"

అందుకని ఏటా అదే బండి, అదే గుట్ట, అదే జాతర. ఆ తోవలో ఏ రాయి ఎక్కడుందో కండ్లు మూసుకుని చెప్పగలను. మాకు ఏడుపొచ్చేది. బాపు మాత్రం ప్రతిసారీ గుట్ట ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "గిసొంటి జాగా యాడ దొరుకుతది?" అని మురిసిపోయేవాడు.

ఈ నవ్వులాటలో అమ్మకు మాత్రం నవ్వు లేదు. ఆమె పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. డ్యాం పూర్తయి నీళ్ళు నిలిస్తే మునిగే ఊళ్ళలో అదొకటి. పెండ్లైనప్పటి నుంచి ఆమె పుట్టింటికి పోయింది చాలా తక్కువ. మోటరు పడని మనిషిని అంతదూరం ఎవరు పంపుతారు? పండుగలకు మా మేనమామే వచ్చి, చీర పెట్టి, చూసి పోయేవాడు.

ఒక ఎండాకాలం ఆ మేనమామ నకిరేకల్ సంతకొచ్చే మనిషితో కబురు పంపాడు. "ఊరు ఖాళీ చేస్తున్నం. అమాస లోపల ఇల్లు విప్పుకపోవాలె. అక్కను ఒక్కసారొచ్చి సూసిపొమ్మను." ఆ ఎండలకు ఎడ్లు అంతదూరం పోలేవు. మోటరు తప్ప దారి లేదు.

అమ్మ బాపుకు అన్నం పెడుతూ, తల ఎత్తకుండానే అంది. "నేను పుట్టిన ఇల్లు సూడాలె. నువ్వు తోల్కపోతవా, నన్నొక్కదాన్నే పొమ్మంటవా?"

బాపు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఒక్కదాన్నే పొమ్మందామంటే, మోటరు పడని భార్యను ఒంటరిగా పంపిన కులపెద్దను వాడ ఏమంటుంది? ఇన్నేళ్ళు తాను నేసిన బట్టలో తానే చుట్టుకుపోయాడు పాపం. "పోదం" అన్నాడు, ఉరికంబం ఎక్కమన్నంత దిగులుగా.

కబురు వాడంతా పాకింది. ఆడవాళ్ళు బారులు తీరారు. ఒకామె నిమ్మకాయలు తెచ్చింది. ఒకామె చింతపండు ఉండ చేసి తెచ్చి, "బుగ్గకు పెట్టుకో వదినె" అంది. ఏమీ తినకుండా పొమ్మని ఒకామె, కడుపునిండా తిని పొమ్మని ఇంకొకామె మా గడపలోనే కొట్లాడుకున్నారు. అమ్మ అందరికీ తల ఊపి, అన్నీ తీసుకుని, చాటుగా బాపు చేతిలో పెట్టేది.

వాటిమీద బాపుకు నమ్మకం కుదరలేదు. ఆయనకు సొంత ఆలోచన ఒకటి వచ్చింది. సాలోడికి తప్ప ఇంకెవరికీ రాదు అట్లాంటి ఆలోచన. "గంజి పెట్టని పోగు మగ్గం మీద నిలబడ్తదా? తెగుతది. కడుపు గూడ గంతే. బిగువు మీదుండాలె" అన్నాడు. అప్పుడే కోసిన బట్ట, నీళ్ళు చూడని బట్ట, గంజి కరకరలాడుతున్నది తీసుకుని పొట్టచుట్టూ బిగించి చుట్టుకున్నాడు. పైన అంగీ తొడిగి, రుమాలు చుట్టి బయల్దేరాడు. వంగడానికి రాక మోటరులోకి కట్టెలా ఎక్కాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుంది.

నల్గొండ దాకా ఆయన మందు పనిచేసింది. అక్కడ ఇంకో మోటరెక్కాక ఎండ ముదిరింది. మోటరు నిండా జనం, గంపలు, కోళ్ళు. బాపుకు చెమటలు పట్టాయి. చెమటకు గంజి నానింది. నానిన గంజి పులిసింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసనే, డీజిలు వాసనతో కలిసేసరికి, అబ్బో, అది చెప్పతరం కాదు! ముందు సీటువాడు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వెనకనుంచి ఎవడో, "ఏందిర బై, మోటర్ల కుడితి కుండ ఎవడు పెట్టిండు?" అని అరిచాడు.

బాపు కిటికీ వైపు తిరిగాడు. రుమాలు ఒక చేత్తో పట్టుకుని సగం బయటికి వంగి మొదలుపెట్టాడు. కండక్టరు తోసుకుంటూ వచ్చి, "ఎవలు కక్కుతున్నది?" అన్నాడు. అమ్మ గబుక్కున కొంగుతో తన మూతి తుడుచుకుంది. "నేనే అన్నా. నాకు మోటరు పడది" అంది. కిటికీలో బాపు వీపు ఎగిరెగిరి పడుతూనే ఉంది. కండక్టరు ఆమెను చూసి, ఆ వీపును చూసి, ఏమనాలో తెలియక సీటీ ఊదాడు. మోటరు ఆగింది.

బాపు దిగి, తుమ్మచెట్టు కింద కూలబడ్డాడు. పొట్టచుట్టూ ఉన్న బట్ట విప్పి పడేశాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"దిగు. ఎనక్కి పోదం" అన్నాడు బాపు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్టు మీదే నిలబడి ఉంది. "నేను పోతున్న" అంది.

బాపు నోరు తెరిచాడు. మోటరులో జనమంతా చూస్తున్నారు. అంత నీరసంలోనూ అలవాటు పోలేదు ఆయనకు. "మోటరు పడని దానివి, ఒక్కదానివి ఎట్ల పోతవ్?" అన్నాడు.

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "ఇయ్యాల పడుతది" అని నన్ను లోపలికి లాక్కుంది.

మేం చేరేసరికి ఊరికి పైకప్పులు లేవు. మేనమామ దూలాలు, దర్వాజలు, మగ్గం చెక్కలు బండికి ఎక్కిస్తున్నాడు. ఇల్లంతా విప్పుకున్నారు గానీ మగ్గం గుంతను ఎట్లా తీసుకుపోతారు? మా తాత కాళ్ళు పెట్టుకుని బతుకంతా నేసిన గుంత అది. అమ్మ దాని గట్టున కూర్చుని లోపలికి కాళ్ళు జారవిడిచింది. పైన ఆకాశం. మేనమామ రెండుసార్లు పిలిచినా లేవలేదు. ఏడవనూ లేదు.

ఏడ్చింది మర్నాడు, తిరుగు మోటరులో. కిటికీ బయటికి తల పెట్టి నల్గొండ దాకా ఏడ్చింది. పక్కనున్నామె, "పాపం, మోటరు పడదా బిడ్డా?" అని వీపు నిమిరి నిమ్మకాయ ఇచ్చింది. అమ్మ తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద ఉన్నాడు. అంతకుముందే ఎవరి బండో పట్టుకుని ఇల్లు చేరాడట. మమ్మల్ని చూడగానే వాడలో ఆడవాళ్ళంతా నిమ్మకాయలు పట్టుకుని వచ్చేశారు.

"ఏందొదినె, కండ్లు గట్ల ఎర్రగైనయ్! బాగ కక్కినవా?"

"అవు. పడలే" అంది అమ్మ.

బాపు లేచి నిలబడ్డాడు. ఇక మొదలుపెడతాడు పాత పాట అని నాకు ఒళ్ళు మండిపోయింది.

"పడనిది ఆమెకు గాదు" అన్నాడు. పంచాయతీ గొంతుతోనే అన్నాడు, నాలుగిండ్ల అవతలికి వినపడేట్టు. "నాకు. పెండ్లైన నాటి సంది నాకే. ఆమెకు ఏ మోటరైనా పడుతది." ఆడవాళ్ళను జరగమని చెయ్యి ఊపాడు. "ఆమె ఊరు మునుగుతాంది. జర ఏడ్వనియ్యుండ్రి."

అమ్మ లోపలికి పోయి, మా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, గట్టిగా ఏడ్చింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

బయట ఆడవాళ్ళకు చేతుల్లోని నిమ్మకాయలు ఏం చేయాలో తోచలేదు. ఒక్కొక్కరే వచ్చి, వాటిని బాపు పక్కన అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు.