అడంగల్లో బీడు

ఆదాయపు పన్ను నోటీసులు రాసేవాళ్ళ మీద నాకు ఏనాడూ గౌరవం లేదు. ఇరవై ఏళ్ళుగా అనంతపురంలో జనాల రిటర్నులు నింపి, వాళ్ళ తరఫున జవాబులు రాసి బతుకుతున్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందనే అనుకుంటాను. ఒకరికి రాసిన ఉత్తరంలో పేరు మార్చి ఇంకొకరికి పంపడం వీళ్ళకు అలవాటు. ఒకసారి గొర్రెలు మేపుకునే ఒకాయనకు వచ్చిన నోటీసులో, బట్టల దుకాణంలో సరుకు నిల్వ ఎంత ఉందో చెప్పమని అడిగారు. ఆయన దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చి, తనకు రెండు పంచెలు తప్ప బట్టలే లేవని ప్రమాణం చేసి చెప్పాడు.

ఆ నోటీసుల్లో 'మదింపు నుంచి తప్పించుకున్న ఆదాయం' అనే మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మదింపు అంటే రిటర్ను చూసి, కాగితాలు అడిగి, పన్ను ఇంత అని తేల్చడం. అది చేసింది వాళ్ళే. ముగిసిందని సంతకం పెట్టిందీ వాళ్ళే. మళ్ళీ ఏళ్ళు గడిచాక, మందలోంచి మేక పారిపోయినట్టు ఆదాయం తప్పించుకుపోయిందంటూ కర్ర పట్టుకుని బయలుదేరుతారు. ఆ బయలుదేరడం కూడా ఎప్పుడో తెలుసా? మార్చి చివరి వారంలో. మామూలు కేసులు తెరవడానికి చట్టం ఇచ్చిన గడువు ఆ నెలాఖరుతో దాటిపోతుంది. అందుకని ఏడాదంతా నిద్రపోయి, ఆ వారంలో లేచి నోటీసులు గుప్పిస్తారు.

అలాంటి ఒక మార్చిలో మా అక్కకు నోటీసు వచ్చింది.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. బావ పోయాక రాప్తాడు అవతల ఉన్న మెట్ట చేను తనే చేసుకుంది. ఏటా శనక్కాయ వేయడం, ఆకాశం వైపు చూడడం. చివరికి షెడ్లు వేసుకుంటామని ఎవరో అడిగితే ఆ చేను అమ్మి, కణేకల్‌లో కాలువ కింద చిన్న మడి కొంది. అరవై దాటిన మనిషి, జీవితంలో మొదటిసారి వరి నాటింది. నాటిన రోజు నాకు ఫోన్ చేసి, నీళ్ళలో నిలబడి మాట్లాడుతున్నానని చెప్పింది.

పట్నానికి దూరంగా ఉన్న సాగుభూమి అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లేదు. దూరం గురించి పేచీ లేదు. అది సాగుభూమేనా అన్నదే ప్రశ్న. కాదని తేలితే పడే పన్ను కట్టడానికి అక్క దగ్గర ఆ మడి తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి ఆ నోటీసు అడిగింది, నిజానికి, కణేకల్ మడిని.

మొదటి మదింపు సంగతి చెప్పాలి. అమ్మకానికి ముందు మూడేళ్ళ అడంగల్ పంపమన్నారు. ఏ చేలో ఏ పంట ఉందో గ్రామ రెవెన్యూ అధికారి ఏటా రాసే లెక్క అది. మొదటి ఏడూ, మూడో ఏడూ వేరుశనగ అని ఉంది. నడిమి ఏడాది గడిలో 'బీడు' అని ఉంది. ఆ ఏడు విత్తనం వేశాక చుక్క పడలేదు. జానెడు లేచి ఎండిపోతే అక్క ఆ చెట్లు పీకి ఎద్దులకు వేసింది. ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన మహానుభావుడు రోడ్డు మీద బండి కూడా ఆపకుండా చేను వైపు చూసి బీడు అని రాసుకుపోయాడు. దిగి నాలుగడుగులు వేసి ఉంటే దున్నిన సాలు కనబడేది.

ఆ కాగితం వదిలేసి మిగతా రెండేళ్ళవి పెడదామని నేనన్నాను. మేం అందరికీ చేసేదే అది. అడిగిన మూడింటిలో రెండు పంపితే చూసేవాడికి లెక్కపెట్టే ఓపిక ఉండదు. అలా లెక్కపెట్టని తెలివితక్కువ వాళ్ళ మీదే నా వృత్తి నడుస్తున్నదని అక్కతో గొప్పగా చెప్పాను. అక్క నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

"దాచేదేముండాది అబ్బీ? ఇత్తనం ఏసినా. వాన రాలేదు, ఎండిపాయ. అట్లే రాయి," అంది.

విసుక్కుంటూ మూడూ పంపాను. ఆ ఏడాది బీడు అని ఎందుకుందో వివరించమని వెంటనే అడిగారు. చూశావా అని అక్క మీద ఎగిరాను. అక్క చెబుతుంటే, చెప్పింది చెప్పినట్టు రాసి, సబ్సిడీ విత్తనాల చీటీ జత చేశాను. నెల తిరక్కముందే మదింపు ముగిసింది. సాగుభూమేనని ఒప్పుకున్నారు. ఒక ప్రభుత్వ ఉద్యోగి రాసిందంతా చదివాడన్నమాట. అది నా అనుభవంలో వింతే.

మార్చి నోటీసుకు వద్దాం. మదింపు మళ్ళీ తెరవాలంటే ముందు సమాచారం ఏమిటో చూపించి, జవాబు అడగాలి. వాళ్ళు చూపించిన సమాచారం తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేం పంపిన అడంగలే. అడుగున అక్క సంతకం, మూలన నేను వేసిన పేజీ నంబరు. మా కాగితాన్నే మా ముందు పెట్టి, ఈ భూమి బీడు అని తెలిసింది, ఆదాయం తప్పించుకుంది అన్నారు. ఎవరికి తెలిసింది? ఎప్పుడు తెలిసింది? తమ అలమరలో ఉన్న కాగితం తమకే కొత్తగా కనబడిందట.

చట్టం ఇక్కడ తేటగా ఉంది. ఒకసారి అడిగి, జవాబు చదివి, ఒప్పుకుని ముగించిన సంగతిని కొత్త సమాచారమేదీ లేకుండా మళ్ళీ తెరవకూడదు. కుర్చీలోకి కొత్త మనిషి వచ్చాడనీ, అతని అభిప్రాయం వేరుగా ఉందనీ తెరవకూడదు. కోర్టులు ఈ మాట చెప్పీ చెప్పీ అలిసిపోయాయి. వీళ్ళు మాత్రం వినడం మొదలుపెట్టలేదు.

విచారణకు అక్కను వెంటబెట్టుకుని పోయాను. కణేకల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. మమ్మల్ని ఒంటిగంట దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల ఆఫీసరు మర్యాదస్తుడే. మా ప్రాంతం కాదు. మెట్ట చేను ముఖం చూసినవాడూ కాదు. పంటే లేని భూమి వ్యవసాయ భూమి ఎలా అవుతుందమ్మా అని, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా అడిగాడు.

"పంట రాకుంటే అది చేను కాకుండా పోతాదా సార్? అట్లయితే మా జిల్లాలో చేన్లే లేవు," అంది అక్క.

అప్పుడు నేను వాళ్ళ పాత ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. బీడు అని ఎందుకుందో చెప్పమని వాళ్ళు అడిగిన ఉత్తరం. దాని పక్కన మా జవాబు. దాని పక్కన, సాగుభూమేనని ఒప్పుకుంటూ వాళ్ళిచ్చిన ముగింపు ఆర్డరు. ఆయన మూడూ చదివి, పాత ఆఫీసరు సరిగ్గా చూసి ఉండరని గొణిగాడు. సరిగ్గా చూడకపోవడం మీ ఇంటి సంగతి, మా అక్క ఆదాయం కాదు అన్నాను. అలా అన్నందుకు ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టుంది.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. తెరవదగిన కేసు కాదని నాలుగు వాక్యాలు. పొరపాటైందన్న మాట ఎక్కడా లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు.

ఆ కాగితం చేతికిద్దామని కణేకల్ పోయాను. అక్క మడి గట్టు మీద ఉంది. గట్టు మీదే కూర్చుని వాళ్ళ తెలివితక్కువతనం గురించి చాలాసేపు చెప్పాను. ఆ ఉత్తరం తీసి పెట్టినప్పుడు ఆఫీసరు ముఖం ఎలా మారిందో రెండుసార్లు చెప్పాను. అక్క అంతా విని, ఆ నడిమి కాగితం దాచి ఉంటే ఏమయ్యేదని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. దాచి ఉంటే వాళ్ళు అడిగేవాళ్ళు కాదు, అడగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టూ కాదు. తర్వాత ఆ కాగితం దొరికితే అది నిజంగానే కొత్త సమాచారం. చట్టం వాళ్ళ వైపే ఉండేది. మడి పోయేది.

నీ మాట విని దాచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారు. చిలమత్తూరు దగ్గర చేను అమ్మిన ఒకాయన, అక్కలాగే అన్నీ పెడదామన్నాడు. నేను నవ్వి ఒక ఏడాది అడంగల్ కాగితం తీసి పక్కన పెట్టాను. అదే మార్చిలో ఆయనకూ నోటీసు వచ్చింది. వాళ్ళు చూపించింది నేను పక్కన పెట్టిన ఆ కాగితాన్నే, రెవెన్యూ ఆఫీసు నుంచి తెప్పించి. ఆ ఫైలు తెరిచారు. దాన్ని మూయించే మాట చట్టంలో ఒక్కటీ లేదు. ఉన్న కాస్త భూమి ఆయన అమ్ముకోక తప్పదు. ఆయన నా ఆఫీసులో కూర్చుని ఏడిస్తే, ఈ ఆఫీసర్లంతా ఇంతే, దుర్మార్గులు అని ఓదార్చాను. ఆయన నమ్మాడు. పోయేటప్పుడు నాకు దండం కూడా పెట్టాడు.

"దాచింది నువ్వని ఆయప్పకు చెప్పినావా?" అంది అక్క.

చెప్పలేదన్నాను. అక్క ఆర్డరు నా చేతిలోనే వదిలేసి, పార తీసుకుని, నీళ్ళ మడవ తిప్పడానికి గట్టు దిగిపోయింది.