మౌలాలిగారి వంతు రోజాలు

తాడేపల్లిగూడెంలో గోనెసంచుల కొట్టు నడిపే మౌలాలిగారికి షుగర్ ఉంది. రంజాన్ నెలలోనూ కొట్టు వెనక తెర వేసుకుని మధ్యాహ్నం పెరుగన్నం తింటారు. ముంజేతి మీదికి కారిన మజ్జిగను కింద నుంచి పైదాకా నాకి, బర్రున త్రేన్చి, మీసాలు గోనెగుడ్డతో తుడుచుకుంటారు. "జబ్బున్నవాళ్లు రోజా ఉండక్కర్లేదని ఇమాంగారే చెప్పారండీ" అంటారు, ఎవరూ అడక్కపోయినా. భార్య మీరాబీకీ షుగరే. ఆవిడకు మాత్రం ఆ మాట వర్తించదు. ఆయన వంతు ఉపవాసం కూడా ఆవిడే ఉండాలట; ఇంటికొకరు ఉంటే చాలట. రోజూ తన వేలు పొడుచుకుని మిషన్‌లో షుగర్ చూసుకునే మనిషి, ఆవిడ చెయ్యి చాస్తే మాత్రం "రక్తం వస్తే రోజా పోద్ది" అని పెట్టె మూసేస్తారు.

మొన్న సాయంత్రం ఆయనకు పకోడీలు వేస్తూ వేస్తూ మీరాబీ ఒళ్లంతా చెమట పట్టి పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. పక్కింటి జ్యోత్స్న పంచదార నీళ్లు తెస్తే, మౌలాలిగారు నూనె కారే చెయ్యి గ్లాసుకు అడ్డం పెట్టారు.

"కాసేపట్లో అజాన్ అవుద్దమ్మా, రోజా విడిచే వేళకి ఆగు."

"షుగర్ పడిపోయిందండీ, ఆగితే మనిషి దక్కదు!" అంటూ జ్యోత్స్న ఆ చెయ్యి తోసేసి తాగించింది. కాసేపటికి మీరాబీ కళ్లు తెరిచింది. మౌలాలిగారు ఆవిడ వైపు చూడలేదు. పళ్లెంలోంచి ఇంకో పకోడీ అందుకుని, నములుతూనే జ్యోత్స్నను అడిగారు:

"అయితే ఇవాళ్టి నా రోజా పోయినట్టేనా అమ్మా?"