అత్తయ్యగారి కుర్చీలోంచి నొక్కితే

అరచేతిలో పట్టే ఒక రిమోటు, నిండుగా బతికే మనిషిని ఎంత చిన్నబుచ్చగలదో మొన్నటి కార్తీకంలో మా ఇంట్లో చూశాను. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

రాజమహేంద్రవరంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. మామయ్యగారు పోయాక మా ఆయన చూసుకుంటున్నారు. నేను స్కూల్లో సైన్సు చెబుతాను. పగలంతా ఇంట్లో ఉండేది అత్తయ్యగారొక్కరే. ఆవిడకు కాలక్షేపంగా ఉంటుందని టీవీకి ఇంటర్నెట్‌తో నడిచే స్టిక్ ఒకటి పెట్టించాం. దాని రిమోటును ఆవిడ వారం తిరక్కుండానే లొంగదీసుకున్నారు. మైకు బొమ్మ ఉన్న బటన్ నొక్కిపట్టి, "నాయనా, కోరుకొండ నరసింహస్వామి కల్యాణం పెట్టు" అనేవారు. అది మనిషి కాదు, నాయనా అనక్కర్లేదని చెప్తే, "పని చేయించుకుంటూ ఆమాత్రం మర్యాద లేకపోతే ఎలాగమ్మా?" అని నన్నే అడిగారు. ఒకప్పుడు కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని కాగితం కలం లేకుండా లెక్కలు కట్టిన మనిషి. ఆవిడకు ఇదొక లెక్కా?

దసరా వెళ్ళగానే ఒక సాయంత్రం టీవీ శబ్దం పెరగడం మానేసింది. విచిత్రమేమిటంటే రిమోటులో మిగతావన్నీ బాగానే ఉన్నాయి. మైకు వింటోంది, కార్యక్రమాలు మారుతున్నాయి. శబ్దం పెంచడం, టీవీని ఆపడం మాత్రం కుదరడం లేదు. టీవీతో వచ్చిన రిమోటు ఎప్పుడో కిందపడి పగిలిపోయింది. ఇది ఉందిగదా అని దాని సంగతి ఎవరమూ పట్టించుకోలేదు.

మా ఆయన కొట్టునుంచి వచ్చి రిమోటు అందుకున్నారు. తిన్నగా టీవీ ముందుకు వెళ్ళి, చెయ్యి చాచి నొక్కారు. శబ్దం పెరిగింది.

"ఇదిగో, పనిచేస్తోంది కదమ్మా. నువ్వే సరిగ్గా నొక్కట్లేదు."

"నొక్కుతూనే ఉన్నాన్రా. ఆ రిమోటుకే ఏదో అయింది."

"ఆడలేక మద్దెల ఓడందట! అలా ఉంది నీ వరస" అని నవ్వి స్నానానికి వెళ్ళిపోయారు. మర్నాడు ఆవిడ తన కుర్చీలో కూర్చుని నొక్కితే మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.

నవ్వి ఊరుకోవలసిన విషయమే. కానీ అత్తయ్యగారి అక్కగారిది అంబాజీపేట. చివరి రోజుల్లో ఆవిడ స్టవ్ వెలిగించి, ఎలా ఆపాలో తెలియక దాని ముందు నిలబడి ఏడ్చేవారట. చూడటానికి వెళ్ళిన సొంత చెల్లెల్ని "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు?" అని అడిగారు. అక్కడినుంచి వచ్చాక అత్తయ్యగారు చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తనకూ ఆ మతిమరుపు వస్తుందేమోనన్న భయం ఆవిడ మనసులో కూర్చుంది. పైకి ఎప్పుడూ అనలేదు. మొదటిసారి అన్నది ఈ రిమోటు దగ్గరే.

"మా అక్కకి కూడా ఇలాగే చిన్నవాటితోనే మొదలైందమ్మా" అన్నారు.

ఆ రోజునుంచి ఆవిడ టీవీ పెట్టడం మానేశారు. తరువాత మిక్సీ జోలికి వెళ్ళలేదు. గ్యాస్ కట్టానా, తలుపు వేశానా అని నన్ను పదేపదే అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ ఏదో గొణుక్కుంటుంటే మంత్రమేమో అనుకుని విన్నాను. రావులపాలెం, కొత్తపేట, పలివెల, ముక్కామల... అక్కగారి ఊరు మీదుగా వెళ్ళే అమలాపురం బస్సు ఆగే ఊళ్ళు. ఇంకా గుర్తున్నాయో లేదో చూసుకుంటున్నారు.

ఆ రిమోటు అంతు చూడాలని అప్పుడు పట్టుబట్టాను. బ్యాటరీలు తీసి అరచేతుల మధ్య రుద్దాను, ఎండలో పెట్టాను, కొత్తవి వేశాను. నీళ్ళు పడకుండా రిమోటుకు తొడిగి రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరు పీకి పారేశాను. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి పుస్తకం చదివినట్టు మాట్లాడింది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళమంది, టీవీ కంపెనీని మళ్ళీ ఎంచుకోమంది, రిమోటును మళ్ళీ జతచేయమంది. అన్నీ చేశాను.

"ఇప్పుడు మీ శబ్దం పెరిగిందా మేడం?"

టీవీ ముందు నిలబడి ఉన్నాను కదా, పెరిగింది. "మీ సహనానికి ధన్యవాదాలు మేడం" అని పెట్టేసింది. అత్తయ్యగారు వచ్చి కూర్చుని నొక్కారు. పెరగలేదు. ఆవిడ రిమోటును నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరిమీద అరవాలో తెలియక ధన్యవాదాలు చెప్పిన ఆ అమ్మాయిని మనసులో తిట్టుకున్నాను.

ఒక శుక్రవారం నేను సెలవు పెట్టాను. అత్తయ్యగారు గుడికి వెళ్ళారు. విసుగెత్తి ఆవిడ కుర్చీలోనే కూలబడి, రిమోటు తీసి నొక్కాను. శబ్దం కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఊహూ. లేచి టీవీ దగ్గరికి వెళ్ళి నొక్కితే పెరిగింది. మళ్ళీ కుర్చీలోకి వస్తే లేదు. అప్పటికిగాని నాకు తట్టలేదు. బాగుచేద్దామని చూసినవాళ్ళమంతా టీవీ ముందు నిలబడి నొక్కినవాళ్ళమే. కుర్చీలో కూర్చుని నొక్కింది ఆవిడొక్కరే.

ఇలాంటి రిమోటు స్టిక్‌తో మాట్లాడే దారి వేరు, టీవీతో మాట్లాడే దారి వేరు. టీవీకి మాత్రం కంటికి కనపడని వెలుగును పంపుతుంది. ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కితే ఆ వెలుగు మిణుకుమిణుకుమంటూ కనపడింది. అంటే పంపేది బాగానే ఉంది. అందుకునే చోట ఏదో అడ్డముంది. టీవీ అంచు వెంబడి వేలితో తడుముతూ వెళ్ళాను. కింద సరిగ్గా మధ్యలో, వెలుగును పట్టే ఆ చిన్న నల్లటి కన్ను ఉండాల్సిన చోట, ఎండి గట్టిపడిన గంధం, దానిమీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు.

ఆయుధపూజనాడు మా ఆయన ముందు కొట్లో కాటాకు, తరువాత ఇంట్లో ఫ్రిజ్జుకు, మిక్సీకి, టీవీకి స్వయంగా బొట్లు పెట్టారు. ఏ పనీ సగం చేసే మనిషి కాదు. గంధం దట్టంగా మెత్తి మరీ పెట్టారు. నేనేమో వారం వారం టీవీ దుమ్ము దులుపుతూ, బొట్టు చెరగకూడదని దాని చుట్టూ జాగ్రత్తగా తుడుస్తూ వచ్చాను. శుక్రవారం పూట బొట్టు తుడవడమేమిటని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తడిగుడ్డతో తుడిచేశాను. కుర్చీలోంచి నొక్కితే టీవీ హోరెత్తింది.

అత్తయ్యగారు గుమ్మంలో అడుగు పెడుతుండగానే చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, చెంప నిమిరి, "నా కోసం భలే కథ అల్లావమ్మా" అన్నారు.

"కథ కాదండీ అత్తయ్యా, నిజంగానే బొట్టు."

"ఏదీ?"

చూపించడానికి బొట్టేదీ? తుడిచేశాను కదా! రిమోటు చేతికిస్తే, "ఇప్పుడు బాగుచేశావు, అందుకని పనిచేస్తోంది. అప్పుడు నా చేతిలోనే కదా ఆగింది" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. నేను ఎంత ఒట్టేసి చెబితే ఆవిడకు అది అంత జాలిగా వినపడింది. నా తెలివికి నా తలే గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. "అదా సంగతి!" అని పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. దేవుడి దగ్గరినుంచి గంధం, కుంకుమ తెచ్చి, పెట్టిన చోటే మళ్ళీ పెట్టమన్నాను. నా మొహం చూసి పెట్టారు. అత్తయ్యగారిని పిలిచి పక్కన నిలబెట్టి, ఆవిడ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, చేతికి రిమోటిచ్చాను.

"నొక్కండి."

నొక్కారు. టీవీ పలకలేదు. బొటనవేలు తెల్లబడేలా నొక్కారు. రిమోటును అరచేతిలో కొట్టి నొక్కారు. కుర్చీ అంచుకు జరిగి, చెయ్యి చాచి నొక్కారు. అత్తయ్యగారు కొడుకు చేతివంకే చూస్తున్నారు, రెప్ప వెయ్యకుండా. తరువాత తనే వెళ్ళి, కొంగు తడిచేసుకుని టీవీ అంచు తుడిచి వచ్చారు. "లే" అన్నారు. ఆయన లేచారు. ఆవిడ కూర్చుని, రిమోటు తీసుకుని నొక్కారు.

శబ్దం పెరిగింది. ఆవిడ ఆపలేదు. వార్తలు చదివే అమ్మాయి గొంతు వీధి చివరకు వినపడేంత పెంచారు. "అయితే మతి పోయింది నాకు కాదన్నమాట" అన్నారు ఎవరితోనో అన్నట్టు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

మా ఆయన కుర్చీ పక్కన గచ్చుమీద కూర్చున్నారు. "నీది కాదమ్మా, తప్పు నాది" అన్నారు.

ఆ హోరులో ఆవిడకు వినపడలేదు. "ఏంట్రా?" అన్నారు. శబ్దం మాత్రం తగ్గించలేదు. ఆయన మళ్ళీ, వీధిలోవాళ్ళకు కూడా వినపడేలా అరిచి చెప్పారు.