పాలపన్ను చోటు

నా చిన్నప్పుడు పులికాట్ సరస్సు ఒడ్డున మా వీధిలో పిల్లల పాలపళ్ళకు ఏ విలువా ఉండేది కాదు. ఎలాగూ ఊడేవేనని, కాస్త పుచ్చితే చాలు పీకి పారేసేవాళ్ళు. ఆ పని మా మేనత్తది. చేపలు కోసిన చేతులు కడుక్కోకుండానే, పొలుసులంటిన వల దారం పంటికి చుట్టి లాగేది. ఏడేళ్ళప్పుడు నా దవడపన్ను అలాగే పోయింది. చీము, నెత్తురు, ఆ నీచు వేళ్ళు అన్నీ ఒకేసారి నోట్లో. 

నాలుగేళ్ళకు అక్కడ రావలసిన పన్ను బుగ్గవైపు ఓరగా పొడుచుకొచ్చింది. ఏది తిన్నా దాని సందులో ఇరుక్కునేది. ఎంత పుక్కిలించినా కంపే. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నా నోరంటే నాకే రోత.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి దవడపన్ను పుచ్చింది. మేనత్త చెల్లెల్ని ఒళ్ళో అదిమిపెట్టి దారం తీసింది. అది గుక్కపట్టి ఏడుస్తోంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మా తాతయ్య లేచొచ్చి వద్దన్నాడు.

"ఊడిపొయ్యే పన్నే గదా నాయనా!" అంది మేనత్త.

తాతయ్య వాదన పెట్టుకోలేదు. నన్ను పిలిచి, "మీ అత్త మొహం కాడికి పోయి నోరు తెరువురా" అన్నాడు. మధ్యాహ్నం తిన్న ఎండుచేప ఇంకా సందులోనే ఉంది. తెరిచాను. మేనత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వాంతి వచ్చినదానిలా వెనక్కి జరిగింది. పొద్దస్తమానం చేపల కుప్పల మధ్య కూర్చునే మనిషి! నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తాతయ్య ఒడ్డున పడవల వరుస చూపించాడు. "మన పడవని మరమ్మతుకని లాక్కపోతే, పక్క పడవలు మన చోట్లోకి జరిగొచ్చినాయి. తిరిగొచ్చిన మన పడవ ఎట్టా అడ్డంగా పడుందో చూడు. వీడి నోట్లోనూ అంతే. పాలపన్ను చోటు కాసుకోనుంటాది. అసలుది వచ్చిందాకా దాన్ని ఉండనీ."

మేనత్త దారం విసిరేసింది. ఆ పుప్పిపన్ను తనంతట తాను ఊడేదాకా, తాతయ్యే రోజూ ఉప్పునీళ్ళలో గుడ్డపీలిక ముంచి తుడిచాడు. ఆ కంపుకు ఒక్కనాడూ మొహం తిప్పుకోలేదు.

చెల్లెలికి ఇప్పుడు మనవలున్నారు. పకపకా నవ్విందంటే పలువరస ముచ్చటగా కనిపిస్తుంది. నేను మాత్రం ఇప్పటికీ అన్నం తిన్నాక గోడవైపు తిరిగి, పుల్లతో ఆ సందు గెలుక్కుంటాను. వాసనొస్తుంది. ఆ రోజు చెల్లెలి పన్నును కాపాడింది ఈ వాసనేనని గుర్తొస్తుంది. అయినా రోత రోతే.